ఇంట్లో చేసుకొన్న స్పీకరు పెట్టె - నూరేళ్ల చరిత్ర

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో రాస్తాననే ఆయన అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ ఒక అభిరుచికి ఇచ్చాను. పాట వినడానికి స్పీకరు పెట్టెలను సొంతంగా తయారు చేసుకోవడమే ఆ అభిరుచి. రిటైరయ్యాక తీరిక దొరికి దాని చరిత్ర కూడా చదివాను. అందులో నాకు నచ్చిన సంగతులను మీతో పంచుకొంటున్నాను.

చదివినకొద్దీ నాకు ఒక విషయం స్థిరపడింది. ఇంట్లో మంచి ధ్వని వినగలగడం ఒక్క కంపెనీల చలవ కాదు. తాము కనుక్కొన్నది దాచుకోకుండా కాగితం మీద పెట్టి, పది మందికీ అందేటట్టు చేసిన కొద్దిమంది వల్ల అది మనదాకా వచ్చింది. వాళ్లలో ఇంజనీర్లతోపాటు బట్టల వ్యాపారం చేసినవారూ, పాఠాలు చెప్పుకొన్నవారూ, పత్రికలకు రాసి బతికినవారూ ఉన్నారు.

స్పీకరుకు పెట్టె ఎందుకు?

రేడియోలో గాని, టేపు రికార్డరులో గాని పాట కరెంటు రూపంలో ఉంటుంది. దాన్ని గాలిలో అలలుగా మార్చేది స్పీకరు. బలమైన అయస్కాంతం సందులో సన్నటి రాగితీగ చుట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ చుట్టకు కాగితంతో చేసిన కోను అతికించి ఉంటుంది. తీగలో కరెంటు మారినప్పుడల్లా చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, దానితోపాటు కోను గాలిని నెడుతుంది. ఈ సూత్రం మీద ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంటు తీసుకొన్నాడు. 1915లో కాలిఫోర్నియాలోని నాపా అనే ఊళ్లో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు దానికి పెద్ద గరాటు తగిలించి, బహిరంగ సభల్లో వాడదగ్గ యంత్రం చేశారు. మన ఊళ్లలో పెళ్లిళ్లకూ జాతర్లకూ చెట్టుకు కట్టే మైకు ఆ వంశానిదే.

అయితే గరాటు ఇంట్లో పెట్టుకొనే వస్తువు కాదు. గరాటు అవసరం లేని స్పీకరును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ తయారుచేసి, 1925లో ఒక సాంకేతిక పత్రంలో దాని వివరాలన్నీ ప్రకటించారు. మరుసటి ఏడే అది 'రేడియోలా 104' అనే పేరుతో బజారులోకి వచ్చింది. నూరేళ్లు గడిచినా ఇవాళ్టి స్పీకర్లలో ఎక్కువభాగం ఆ పత్రంలో చెప్పిన పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఇక పెట్టె సంగతి. కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకొంటుంది, అదే సమయంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. రెండూ ఒకదానికొకటి విరుద్ధం. సెకనుకు 50 సార్లు కదిలే మంద్రస్వరానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన అలకు చిన్న స్పీకరు ఒక అడ్డు కాదు. వెనుక పుట్టిన అల చుట్టు తిరిగి వచ్చి ముందు అలను రద్దు చేస్తుంది. అందుకే ఒట్టి స్పీకరును బల్లమీద పెట్టి వింటే తబలా చప్పుడు వినిపిస్తుంది గాని డగ్గా మోత వినిపించదు. దాన్నే పెద్ద చెక్క పలకకు రంధ్రం చేసి బిగిస్తే డగ్గా తిరిగి వస్తుంది. పలకను నాలుగు వైపులా వెనక్కి మడిచి మూసేస్తే పెట్టె అవుతుంది. స్పీకరు తయారీకి ఫ్యాక్టరీ కావాలి. పెట్టె తయారీకి రంపం, జిగురు, ఓపిక ఉంటే చాలు. ఈ తేడా వల్లనే ఇంట్లో కూర్చొని చేసేవాళ్లకు ఈ విద్యలో చోటు దొరికింది.

ఇల్క్లీ నేలమాళిగ

ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉన్ని బట్టలకు పేరుపొందినది. అక్కడ గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన బట్టల వ్యాపారంలో ఉండేవాడు. 1890లో పుట్టాడు. ఇంజనీరింగు చదవలేదు. సంగీతం మీద, పియానో మీద ఇష్టం మాత్రం గట్టిగా ఉండేది. రేడియోలో పియానో పియానోలాగా వినిపించడం లేదన్న అసంతృప్తితో 1932లో ఇల్క్లీ ఊళ్లో తన ఇంటి నేలమాళిగలో సొంతంగా స్పీకర్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ లోయ పేరే తన సంస్థకు పెట్టాడు. అదే వార్ఫ్‌డేల్. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. కొత్త విద్య మొదలుపెట్టడానికి వయస్సు మించిపోయిందనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆయన చేసిన మరో పని నా దృష్టిలో స్పీకర్ల కంటే గొప్పది. 1948లో లౌడ్‌స్పీకర్ల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. గణితం తక్కువగా, హాస్యం ఎక్కువగా, మామూలు పాఠకుడికి అర్థమయ్యేటట్టు రాసిన పుస్తకం అది. పెట్టె ఎంత ఉండాలి, చెక్క ఎంత మందం ఉండాలి, గదిలో ఎక్కడ పెట్టాలి, అన్నీ చెప్పాడు. అది ముద్రణ మీద ముద్రణ పొందింది. తన సరుకు కొనమని చెప్పడానికి బదులు, పెట్టె మీరే చేసుకోండని దారి చూపించిన వ్యాపారి ఆయన. 1954లో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో, క్వాడ్ సంస్థకు చెందిన పీటర్ వాకర్ సహాయంతో, వేదిక మీద వాద్యకారులు వాయించినదాన్నీ, అదే సంగీతం స్పీకర్లలో వినిపించినదాన్నీ పక్కపక్కన పెట్టి జనానికి వినిపించాడు. వేలమంది పట్టే హాలులో ఆ పరీక్షకు నిలబడటం చిన్న విషయం కాదు.

ఇంటిపనివారికి అప్పట్లో మరో అండ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రిక. 1947లో విలియమ్సన్ అనే యువ ఇంజనీరు అందులో ఒక యాంప్లిఫయరు వివరాలు ప్రచురించాడు. ఏ వాల్వు వాడాలి, ట్రాన్స్‌ఫార్మరుకు తీగ ఎన్ని చుట్లు చుట్టాలి అన్నదాకా అందులో ఉంది. ప్రపంచమంతటా అభిరుచి ఉన్నవాళ్లు దాన్ని చూసి సొంత యాంప్లిఫయర్లు కట్టుకొన్నారు. యాంప్లిఫయరు మంచిదయ్యేసరికి స్పీకరు పెట్టెల లోపాలు బయటపడ్డాయి. అప్పటినుంచి అందరి దృష్టీ పెట్టె మీద పడింది.

వీణ కుండ, మట్టి కుండ

మనవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. వీణకు మంచి పనసచెక్క వాడితే నాదం బాగుంటుంది గదా, స్పీకరుకు కూడా మంచి టేకు వాడితే పాట తియ్యగా ఉంటుందా అని. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అక్కడ చెక్క మోగాలి. తీగ పలికినదానికి కుండ తన గొంతు కలపాలి. స్పీకరు పెట్టె ధర్మం దానికి పూర్తిగా వ్యతిరేకం. అది నోరు మూసుకొని ఉండాలి. వీణ నాదం రికార్డులోనే ఉంది. పెట్టె కూడా పాడటం మొదలుపెడితే వీణా, సన్నాయీ, మనిషి గొంతూ అన్నిటికీ ఆ పెట్టె వాసన అంటుకొంటుంది.

పెట్టె నోరు మూయించడానికి మనుషులు పడిన పాట్లు వినడానికి సరదాగా ఉంటాయి. బ్రిగ్స్ రెండు ప్లైవుడ్ పలకల మధ్య పొడి ఇసుక నింపాడు. పలక కదలబోతే ఇసుకరేణువులు ఒరుసుకొని ఆ కదలికను మింగేస్తాయి. గది మూలలో ఇటుకలతోనే పెట్టె కట్టుకొనే పద్ధతి కూడా ఆయన చెప్పాడు. తాపీమేస్త్రీ స్పీకరు కట్టిన కాలం అది. ఇల్లు మారితే స్పీకరు అక్కడే ఉండిపోతుందన్నమాట. కొందరు మురుగునీటికి వాడే లావుపాటి గొట్టాలను నిలబెట్టి వాటి మీద స్పీకరు బోర్లించేవారు.

ఇది చదివినప్పుడు నాకు మన మట్టికుండ గుర్తొచ్చింది. మా చిన్నతనం దాటాక, ట్రాన్సిస్టర్లూ టేపు రికార్డర్లూ వచ్చిన రోజుల్లో, టీ కొట్లలోనూ సైకిలు షాపుల్లోనూ కుండ మూతి మీద స్పీకరు బిగించి చూరుకు వేలాడదీసేవారు. చదువుకొన్నవాళ్లం దాన్ని చూసి నవ్వేవాళ్లం. అందులో నవ్వవలసినది ఏమీ లేదు. అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థ శాస్త్రజ్ఞుడు హ్యారీ ఓల్సన్ ఒకే స్పీకరును రకరకాల ఆకారాల పెట్టెల్లో పెట్టి కొలిచి, 1951లో ఫలితాలు ప్రకటించాడు. ఘనచతురస్రం, స్తూపం, శంకువు, పిరమిడ్, ఇలా పన్నెండు ఆకారాలు. వాటన్నిటిలో ఎగుడుదిగుళ్లు లేకుండా సాఫీగా పలికింది గోళం. పదునైన అంచులున్న పెట్టెల్లో అంచుల దగ్గర అల చెదిరి ధ్వని పాడవుతుంది. గుండ్రటి దానికి ఆ బాధ లేదు. దానికితోడు కాల్చిన మట్టి గట్టిది, గుండ్రటి గోడ సులువుగా వణకదు, వెనుక అల లోపలే బందీ అవుతుంది. మన టీ కొట్టువాడు ఓల్సన్ పత్రం చదివి ఉండడు. చెవితో విని తెలుసుకొన్నాడు. రాసిపెట్టలేదు కాబట్టి అతని పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

గాలినే స్ప్రింగు చేసినవాడు

1950 ప్రాంతంలో మంద్రస్వరాలు బాగా రావాలంటే బీరువా అంత పెట్టె కావాలనేది అందరి నమ్మకం. ఇరుకింట్లో ఉండేవాడికి ఆ భాగ్యం లేదు. దీన్ని మార్చినవాడు ఎడ్గార్ విల్చర్. న్యూయార్కులో పాఠాలు చెబుతూ, పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఉండేవాడు. ఆయన ఆలోచన ఇది. స్పీకరు కోను చుట్టూ ఉండే అంచు గట్టిగా ఉండి, కోనును వెనక్కి లాగే స్ప్రింగులా పనిచేస్తుంది. ఎక్కువ దూరం కదిలినప్పుడు ఆ స్ప్రింగు సమంగా లాగదు, దానితో ధ్వని బొంగురుపోతుంది. అదే గాలిని ఒక పెట్టెలో బిగించి ఉంచితే, గాలి చాలా సమమైన స్ప్రింగు. కాబట్టి అంచును మెత్తగా చేసి, గాలి చొరని చిన్న పెట్టెలో స్పీకరును పెడితే సరి.

బజారులో కొన్న స్పీకరు అంచు కోసేసి, దాని స్థానంలో ఇంట్లోనే మెత్తని గుడ్డతో అంచు చేసి ఆయన ఈ ఆలోచనను పరీక్షించాడు. 1954లో తన దగ్గర చదువుకొన్న హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో 'ఎకౌస్టిక్ రిసెర్చ్' అనే సంస్థ పెట్టాడు. వాళ్ల మొదటి స్పీకరు, ఎ.ఆర్.-1, పుస్తకాల అరలో పట్టేది. దానిలోంచి వచ్చే మంద్రం బీరువాలను తలదన్నేది. విల్చర్‌కు దీని మీద 1956లో పేటెంటు వచ్చింది గాని, తరువాత ఎలక్ట్రో వాయిస్ కంపెనీతో జరిగిన వ్యాజ్యంలో అది నిలబడలేదు. ఆయన అంతటితో ఆ తగాదా వదిలిపెట్టాడు. ఆ పైన ఎవరు కావాలంటే వాళ్లు ఆ పద్ధతిలో పెట్టె చేసుకొనే వీలు కలిగింది. ఈయన గురించి వ్యాసం చివర మళ్లీ చెప్పవలసి ఉంది.

ఇంగ్లండులో ఇదే సమయంలో వార్ఫ్‌డేల్‌లో బ్రిగ్స్ దగ్గర పనిచేసిన రేమండ్ కుక్ 1961లో కెఫ్ అనే సంస్థ పెట్టాడు. అది విడి స్పీకర్లను ఇంట్లో పెట్టె చేసుకొనేవాళ్లకు కూడా అమ్మింది, పెట్టెల నమూనాలూ అందించింది. 1965లో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన బెయిలీ అనే ఆయన వైర్‌లెస్ వరల్డ్‌లో ఒక కొత్తరకం పెట్టె ప్రచురించాడు. అందులో వెనుక అల పొడవాటి మడతల దారిలో పోతుంది. ఆ దారి నిండా పొడుగు పోగుల గొర్రెబొచ్చు కూరి ఉంటుంది. ఉన్ని ఊరివాడికి ఉన్ని ఉపయోగం తట్టడంలో ఆశ్చర్యం లేదు.

బి.బి.సి. వారి పరిశోధన శాఖ కూడా ఇంటిపనివారికి మేలు చేసింది. బయటి కార్యక్రమాలకు వెళ్లే వ్యానుల్లో పెట్టుకోవడానికి వాళ్లు కెఫ్ స్పీకర్లతో ఎల్.ఎస్. 3/5ఎ అనే చిన్న పెట్టె చేశారు. అడుగు ఎత్తు, ఏడున్నర అంగుళాల వెడల్పు. దాన్ని ఎలా చేశారో 1976లో నివేదికగా అచ్చువేశారు. బ్రిగ్స్ లాగా ఇసుక పొయ్యకుండా, పలచటి ప్లైవుడ్ గోడలకు లోపలివైపు తారు కలిసిన పట్టీలు అంటించి మోత అణచడం అందులోని పద్ధతి. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ప్రజలకు లెక్క చెప్పడం అంటే ఇదీ అనిపించింది నాకు.

లెక్కలోకి వచ్చిన విద్య

ఇంతవరకూ పెట్టె కొలత చాలావరకు వంట లాంటిది. చెయ్యి తిరిగినవాడు చేస్తే బాగా వచ్చేది, ఇంకొకడు చేస్తే చెడేది. ముఖ్యంగా గొట్టం ఉన్న పెట్టె విషయంలో. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది గదా. సీసా మెడలోని గాలి ఒక బరువులాగా, లోపలి గాలి స్ప్రింగులాగా పనిచేసి ఆ స్వరం పుడుతుంది. స్పీకరు పెట్టెకు ఒక గొట్టం పెడితే, ఆ స్వరం దగ్గర గొట్టం కూడా స్పీకరుకు సాయంగా మంద్రం పలుకుతుంది. అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన థురాస్ 1932లోనే దీని మీద పేటెంటు పొందాడు. అయితే ఏ స్పీకరుకు ఎంత పెట్టె, ఎంత గొట్టం అనేది మాత్రం తేలలేదు. సరిపడకపోతే ఒకే స్వరం దగ్గర గుమ్‌గుమ్‌మని మోగి పాటను మింగేస్తుంది.

దీన్ని తేల్చినవాడు ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్. బ్రిస్బేన్‌లో 1920లో పుట్టాడు. 1961లో ఆస్ట్రేలియాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. స్పీకరు, పెట్టె, గొట్టం కలిసి రేడియో సెట్టులోని ఒక ఫిల్టరు సర్క్యూటు లాంటివేననీ, ఫిల్టరుకు పనికివచ్చే లెక్కే దీనికీ పనికివస్తుందనీ చూపించి, ఇరవై ఎనిమిది రకాల కొలతల పట్టిక ఇచ్చాడు. ఆ పత్రిక ప్రపంచంలో చాలామందికి చేరేది కాదు. పదేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికానుంచి సిడ్నీ విశ్వవిద్యాలయానికి పరిశోధనకు వచ్చిన రిచర్డ్ స్మాల్ దాని విలువ గుర్తించాడు. 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల పత్రిక థీల్ వ్యాసాన్ని తిరిగి అచ్చువేసింది. 1972, 1973 సంవత్సరాల్లో స్మాల్ తన వ్యాసాలు అదే పత్రికలో ప్రచురించి లెక్కను పూర్తిచేశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఏ స్పీకరు కొన్నా దాని కాగితంలో ఉండే అంకెలను థీల్ - స్మాల్ అంకెలనే అంటారు.

ఆ అంకెల్లో ముఖ్యమైనవి మూడు. కోను తనంతట తాను ఊగే స్వరం ఏది, ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుంది, దాని అంచు మెత్తదనం ఎన్ని లీటర్ల గాలి మెత్తదనానికి సమానం. ఈ మూడూ తెలిస్తే పెట్టె కొలత కాగితం మీదే తేలుతుంది. వీటిని ఇంట్లో కొలవడానికి ఒక ఆసిలేటరు, ఒక రెసిస్టరు, ఒక వోల్టుమీటరు చాలు. మొదట స్పీకరు ఏ స్వరం దగ్గర ఊగుతోందో చూస్తారు. తరువాత కోను మీద బరువు తెలిసిన మైనపు ముద్ద అంటించి మళ్లీ చూస్తారు. బరువు పెరిగినందువల్ల స్వరం ఎంత దిగిందో దాన్నిబట్టి అంచు మెత్తదనం లెక్క కడతారు.

గొట్టం లెక్క ఎంత సులువో ఒక ఉదాహరణ చెబుతాను. 30 లీటర్ల పెట్టెకు 7 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు గల గొట్టం పెట్టారనుకోండి. గొట్టం రెండు చివర్లా కొంత గాలి దానితోపాటే కదులుతుంది కాబట్టి అసలు పొడవు 15 సెంటీమీటర్లుగా లెక్కలోకి వస్తుంది. అది సెకనుకు సుమారు 50 సార్లు ఊగే స్వరానికి పలుకుతుంది. గొట్టం అలాగే ఉంచి పెట్టెను 60 లీటర్లు చేస్తే స్వరం సగానికి పడిపోదు, 36 దగ్గరకు దిగుతుంది. ఎందుకంటే అది వర్గమూలం లెక్క. టి.ఎ. బిల్లులు కూడి, తీసివేసి, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసిన మనకు ఈ లెక్క ఒక లెక్కా!

ఫైలు మీద చక్కగా నోటు రాసిపెట్టిన గుమాస్తా బదిలీ అయిపోయినా, ఆ తరువాత కుర్చీలోకి వచ్చినవాడికి ఆ నోటు దారి చూపిస్తుంది. థీల్ వ్యాసం అలాంటిది. పదేళ్లు బీరువాలో పడి ఉన్నా, చదివేవాడు వచ్చేసరికి అది సిద్ధంగా ఉంది.

తరువాతి రోజులు

లెక్క అందరికీ అందాక అభిరుచి బాగా వ్యాపించింది. అమెరికాలో ఎడ్వర్డ్ డెల్ 1980లో 'స్పీకర్ బిల్డర్' అని దీనికోసమే ఒక పత్రిక పెట్టాడు. జపానులో తెత్సువో నాగఓకా అనే రచయిత ఉండేవాడు. ఆయన 1926లో పుట్టి 2000లో పోయాడు. మామూలు కొలతల ప్లైవుడ్ షీటును ఏ ముక్క ఎక్కడ కోయాలో గీసి చూపిస్తూ వందలాది నమూనాలు పత్రికల్లో ఇచ్చాడు. ఒక చిన్న ఫాస్టెక్స్ స్పీకరు, లోపల మెలికలు తిరిగే పొడవాటి చెక్కదారి, ఇదీ ఆయనకు ఇష్టమైన పద్ధతి. ఇరుకిళ్లలో ఉండే ఉద్యోగులు ఆ గీతలు చూసి పెట్టెలు చేసుకొన్నారు.

పెద్ద స్పీకరుకు మంద్రం, చిన్న స్పీకరుకు తారస్థాయి పంచిపెట్టే క్రాస్ ఓవర్ విషయంలో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ పేరు చెప్పుకోవాలి. జర్మనీలో పుట్టి అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో కొలత పరికరాల ఇంజనీరుగా పనిచేశాడు. స్పీకర్లు ఆయనకు ఇంటి దగ్గరి అభిరుచి. తన సహోద్యోగి రైలీతో కలిసి ఆలోచించిన పంపకం పద్ధతిని 1976లో ప్రచురించాడు. రెండు స్పీకర్లూ కలిసే చోట ఎగుడుదిగుడు లేకుండా చేసే ఆ పద్ధతి నేడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. రిటైరయ్యాక కూడా 2018లో మరణించేవరకు కొత్త నమూనాలు చేస్తూ, తెలిసినదంతా చదవగోరినవారికి అందుబాటులో ఉంచాడు.

మన దగ్గర

1970, 80లలో విదేశీ సామాను దిగుమతి మీద ఆంక్షలూ భారీ సుంకాలూ ఉండేవి. పై దేశపు స్పీకరు కొనడం గుమాస్తా జీతానికి అందని పని. అందుకని ఇక్కడ దొరికిన విడి స్పీకర్లతోనే మా ప్రయత్నాలు సాగాయి. హైదరాబాదులో కోఠీ దగ్గరి గుజరాతీ గల్లీ మాబోటివాళ్లకు పుణ్యక్షేత్రం. ఒకటో తారీకు జీతం రాగానే అక్కడికి వెళ్లి ఎనిమిదంగుళాల స్పీకరు ఒకటి, ట్వీటరు ఒకటి, రెండు కెపాసిటర్లు కొనుక్కొని ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చేవాణ్ని.

నా మొదటి పెట్టెలకు పాత ప్యాకింగు పెట్టెల ప్లైవుడ్ వాడాను. రెండు పొరలు కలిపి జిగురుతో అంటించి, మధ్యలో బద్దెలు అడ్డంగా కొట్టించాను. మా వీధి వడ్రంగి, "ఏందయ్యా, దేవుడి మందిరానిగ్గూడా ఇంత గట్టి చెక్క పెట్టించరు గదా" అన్నాడు. లోపల గాజుఉన్నికి బదులు మా అమ్మ ఇచ్చిన బూరుగుదూది పరిచాను. పెట్టెలు పూర్తయ్యాక విజయవాడ కేంద్రం భక్తిరంజని మొదటిసారి అందులో విన్నప్పుడు, తంబురా శ్రుతి గాయకుడి వెనుక విడిగా, నిండుగా వినిపించింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఎవరొచ్చారురా అని అడిగింది. నా సర్వీసులో ఏ అధికారి ఇచ్చిన ప్రశంసా పత్రమూ ఆ మాటకు సాటి రాలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. దేశవిదేశాల స్పీకర్లు ఇంటి గుమ్మం దగ్గరికే వస్తున్నాయి. అచ్చంగా డబ్బు ఆదా కోసమే అయితే ఇంట్లో చేయడం లాభసాటి కాదని నిజం చెప్పాలి. ఫ్యాక్టరీ పెట్టె అంతకంటే చౌకగా రావచ్చు. కాని కొలిచే మైకు చౌకగా దొరుకుతోంది, ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఉంది, ఎం.డి.ఎఫ్. పలకను కొలత ఇస్తే కోసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. ఒకప్పుడు ప్రయోగశాలలకే పరిమితమైన పని మనవడి కంప్యూటరుతో చేయవచ్చు. రిటైరైనవారికి తీరిక ఉంది. మనవలతో కలిసి చేయడానికి ఇంతకంటే మంచి పని నాకు తోచదు. రంపం పొట్టు, జిగురు పొగ ఎవరికీ మంచివి కావు, వాటిని ఆపడానికి ముక్కుకు గుడ్డ చాలదు, గాలి ఆడే చోట సరైన మాస్కు పెట్టుకొని పనిచేయాలి.

మన చెవుల సంగతి

వయస్సు మీద పడినకొద్దీ మొదట పోయేది తారస్థాయి వినికిడి. తెలుగులో స, ష, త, ప వంటి హల్లుల పదును ఆ స్థాయిలోనే ఉంటుంది. అందుకే మనలో చాలామందికి మాట వినబడుతుంది గాని ఏమన్నారో తెలియదు. "గట్టిగా చెప్పు" అంటే గట్టిగా చెబుతారు, అప్పుడు చెవులు పగిలినట్టుంటుంది. దీన్ని ముసలితనం చాదస్తంగా ఇంట్లోవాళ్లు తీసుకోవడమూ, మనం సమావేశాలకు రావడం మానుకోవడమూ జరుగుతున్నాయి.

పైన చెప్పిన విల్చర్ 1967లో తన కంపెనీని అమ్మేసి, ఈ సమస్య మీద పనిచేయడం మొదలుపెట్టాడు. నరాల బలహీనతవల్ల వినికిడి తగ్గినవారికి మెల్లని శబ్దం అసలు వినబడదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు మనిషికి వినిపించినంత పెద్దగానే వినిపిస్తుంది. కాబట్టి అన్నిటినీ ఒకేలా పెంచే యంత్రం పనికిరాదు. స్పీకరులో క్రాస్ ఓవర్ చేసినట్టే ధ్వనిని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగంలో మెల్లని శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచాలని ఆయన కనుక్కొన్నాడు. 1973లో ఆ ఫలితాలు ప్రచురించాడు. దాని మీద పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చని వదిలిపెట్టాడు. ఆయన 2011లో, తొంభై నాలుగో ఏట కన్నుమూశాడు. ఇవాళ మన మిత్రులు కొందరు చెవిలో పెట్టుకొంటున్న వినికిడి యంత్రాలు ఆ దారిలో నడిచినవే. కోనుకు గుడ్డ అంచు అతికిస్తూ మొదలైన ఆలోచన మన చెవి దాకా వచ్చింది.

ఈ వ్యాసం చదివిన మిత్రులకు నావి రెండు మనవులు. మొదటిది, మాటలు తేటగా వినిపించకపోతే సిగ్గుపడకుండా చెవి పరీక్ష చేయించుకోండి. పాట ఎంత మంచి పెట్టెలో వచ్చినా వినవలసింది ఆ చెవులతోనే. రెండవది, మీ చేతికి తెలిసిన విద్య ఏదైనా, వంటైనా, వైద్యమైనా, తోటపనైనా, పాత రికార్డు వెతికే కిటుకైనా, నాలుగు పేజీలు రాసి మన పత్రికకు పంపండి. వచ్చే సంచికలో చోటు కల్పించమని సంపాదక వర్గాన్ని నేను కోరతాను. స్పీకరు పెట్టె చేయాలనే ఆసక్తి ఉన్నవారు నెలవారీ సమావేశం రోజున నన్ను కలిస్తే, గీతలూ కొలతలూ రాసిన నా నోటుపుస్తకం చూపిస్తాను, కావలసినవారు జెరాక్సు తీసుకోవచ్చు.